పిల్లలతో ఊరెళ్తే బాత్రూము సంగతి: గోదావరి జిల్లాల్లో తిరిగే అమ్మానాన్నలకి సమగ్ర మార్గదర్శి

నరసాపురంలో పంటు (మనుషుల్నీ బళ్లనీ గోదారి దాటించే పడవ) ఎక్కి సఖినేటిపల్లికి వెళ్తుండగా, గోదారి నడిమధ్యలో పిల్లాడు "అమ్మా, ఒంటేలు" అంటే అప్పుడు చేయగలిగింది చాలా తక్కువ. చేయాల్సింది అంతకు పావుగంట ముందు, రేవులో ఉండగానే. బయట తిరిగేటప్పుడు సూత్రం ఒక్కటే: పిల్లలకి అవసరం వచ్చినప్పుడు బాత్రూము వెతకడం కాదు, బాత్రూము కనిపించినప్పుడు పిల్లల్ని తీసుకెళ్లడం. కింద రాసిన జాగ్రత్తలన్నీ దీన్ని పట్టుకునే నడుస్తాయి.

ఎందుకో చిన్న లెక్క చూడండి. పిల్లల మూత్రాశయంలో ఎంత పడుతుందో చెప్పడానికి డాక్టర్లు వాడే అంచనా ఒకటుంది: వయసుకి 2 కలిపి 30తో గుణిస్తే మిల్లీలీటర్లు వస్తాయి. మూడేళ్లకి 150, ఐదేళ్లకి 210. ఒక కొబ్బరిబొండంలో నీళ్లు సాధారణంగా అంతకన్నా ఎక్కువే ఉంటాయి. పైగా ఈ మధ్యే డైపర్ మానిన పిల్లలకి "వస్తోంది" అనిపించడానికీ వచ్చేయడానికీ మధ్య ఉండేది కొద్ది నిమిషాలే. ఆ కాసేపట్లో కారు ఆపి, చోటు వెతికి, తాళంచెవి అడిగి, బొత్తాలు విప్పడం కుదిరే పని కాదు.

ఎప్పుడు తీసుకెళ్లాలి

రెండు గంటలకోసారి ఒంటేలుకి, తిన్న పదిహేను నిమిషాల నుంచి అరగంటలోపు రెండేలుకి. ఆ రెండోదాని వెనక శరీరధర్మం ఉంది. కడుపులో ఆహారం పడగానే పెద్దపేగు కదులుతుంది, పిల్లల్లో ఈ కదలిక మరీ ఎక్కువ. హోటల్లో ఇడ్లీ తినిపించి వెంటనే కారెక్కితే పదో కిలోమీటరు దగ్గర గొడవ మొదలవుతుంది. తిన్నాక ఇంకో పావుగంట అక్కడే కూర్చుని, అదే హోటల్ బాత్రూముకి తీసుకెళ్లి, అప్పుడు బయల్దేరండి. మీరు కాఫీ తాగడానికి కూడా వీలవుతుంది.

"వెళ్తావా?" అని అడక్కండి. ఆటలో ఉన్న పిల్లలు నూటికి తొంభైసార్లు "రావట్లేదు" అంటారు, అది అబద్ధం కూడా కాదు, నిజంగానే తెలియదు. "పద, బండెక్కేముందు ఓసారి వెళ్లొచ్చేద్దాం" అని చేయి పట్టుకుని తీసుకెళ్లాలి. రాకపోతే బలవంతం వద్దు. రెండు నిమిషాలు కూర్చోబెట్టి, కుళాయి తిప్పి నీళ్ల చప్పుడు వినిపించి, రాలేదంటే లేపేయండి.

దారిలో ఇబ్బంది అని నీళ్లు తాగించడం మానేసే తల్లులు చాలామంది ఉన్నారు. అది తప్పు లెక్క. మే నెల ఉక్కలో నీళ్లు తగ్గిస్తే మూత్రం చిక్కబడి మంట పుడుతుంది, మలం గట్టిపడుతుంది, దాంతో పిల్లలు బాత్రూమంటేనే భయపడతారు. నీళ్లు కొంచెం కొంచెంగా తాగిస్తూనే ఉండాలి, ఆగే చోట్లు మాత్రం ముందే అనుకోవాలి.

బయల్దేరడానికి వారం ముందు, ఇంట్లో

హైదరాబాదులోనో బెంగళూరులోనో పెరిగిన పిల్లలు కమోడ్ తప్ప ఎరగరు. సంక్రాంతికి అమ్మమ్మగారి ఊరొచ్చి, పెరట్లో బాత్రూములో పాన్ చూసి గుమ్మం దగ్గరే ఆగిపోతారు. పల్లెలో పెరిగిన పిల్లలకి కమోడ్ మీద కూర్చుంటే కాళ్లు గాల్లో వేలాడి ఒక పట్టాన రాదు. రెండూ అలవాటు చేయాల్సిందే. వారంపాటు రోజూ ఒకసారి, పని ఉన్నా లేకపోయినా, బట్టలతోనే గొంతుక్కూర్చోబెట్టి పది అంకెలు లెక్కపెట్టించండి. మడమలు నేలకి ఆనించి కూర్చోవడం వస్తే పాన్ మీద సగం పని అయిపోయినట్టే. మడమలు లేచిన పిల్లలు తూలి పడతారు.

మాట కూడా ముందే నేర్పాలి. బళ్లో చిటికెనవేలు, రెండువేళ్లు చూపించడం చాలామందికి వచ్చే ఉంటుంది, జనంలో అదే వాడమనండి. ఇంట్లో మాత్రమే తెలిసిన ముద్దుపేరు ఉంటే, తాతయ్యతోనో పిన్నితోనో వెళ్లినప్పుడు పాపం ఎవరికీ అర్థం కాదు.

వేసే బట్టల మీద కొంచెం మనసు పెట్టండి. బెల్టు, బిగుతు జీన్సు, ముందు హుక్కులున్న లాగు దారిలో వద్దు, నడుముకి ఎలాస్టిక్ ఉన్నదే వేయండి. పాపకి పట్టు పరికిణీ గుడి దగ్గరికెళ్లాక మార్చినా సరిపోతుంది. ముందే వేసి తీరాలంటే సంచిలో రెండు బట్టల క్లిప్పులు పెట్టుకోండి, పరికిణీ చుట్టి నడుం వెనక క్లిప్పు పెడితే ఒక్క చుక్క పడదు. మొలతాడు ఉన్న పిల్లలకి అది వదులుగా కిందికి జారకుండా చూడాలి. ఉచ్చ తగిలి తడిగా ఉండిపోతే చర్మం ఒరుసుకుని పుండవుతుంది. కడిగినప్పుడల్లా దాన్ని కూడా కడిగి తుడవండి.

సంచిలో ఏముండాలి

పెద్ద సంచి అక్కర్లేదు, భుజానికి అడ్డంగా వేసుకునే చిన్నది చాలు. అడ్డంగా అని ఎందుకంటే, చాలా బాత్రూముల్లో కొక్కెం ఉండదు, నేల తడి. చేతిసంచి అయితే నోటితో కరుచుకోవాల్సి వస్తుంది. బీరువాకి తగిలించే ఇనుప కొక్కెం ఒకటి పడేసుకుంటే తలుపు పైఅంచుకి తగిలించుకోవచ్చు.

అన్నిటికన్నా ముఖ్యం నీళ్లు. అర లీటరు సీసా ఒకటి కడగడానికే విడిగా ఉండాలి, తాగేదానితో కలపకూడదు. దాని మూతకి వేడిచేసిన సూదితో నాలుగైదు బెజ్జాలు పెట్టండి. సీసా నొక్కితే సన్నధారగా వస్తుంది, మగ్గు పని లేదు, నీళ్లూ మూడోవంతు సరిపోతాయి. ఒంటేలు తర్వాత కడగడానికి వంద మిల్లీలీటర్లు, రెండేలుకి మూడు వందల వరకు పడుతుంది. బెజ్జాల మూత సంచిలో కారుతుంది కాబట్టి మామూలు మూత పెట్టి తీసుకెళ్లండి, బెజ్జాలది పక్కన కవర్లో.

సబ్బు చాలాచోట్ల ఉండదు, ఉన్నా ఎండి పగిలిన ముక్క ఉంటుంది. చిన్న సీసాలో లిక్విడ్ సబ్బు తెచ్చుకోండి. ఇంకా: పాత లుంగీనో నూలు చీరనో జానెడు ముక్కలుగా కత్తిరించినవి ఆరు, పాత పేపర్లు నాలుగు, ముడి వేయగలిగే ప్లాస్టిక్ కవర్లు నాలుగు, రెండు డ్రాయర్లు, రెండు లాగులు, ఒక తువ్వాలు, డైపర్ మానిన పిల్లలకైనా సరే ఒక డైపర్ (దాని సంగతి తర్వాత చెప్తాం), పిల్లలవీ మీవీ రబ్బరు చెప్పులు. డబ్బుల్లో 5 రూపాయల బిళ్లలు నాలుగు, 10 రూపాయల నోట్లు నాలుగు. గేటు దగ్గర కూర్చున్నావిడకి రెండొందల నోటు ఇస్తే చిల్లర తెచ్చేలోపు పని కాస్తా అయిపోతుంది.

తడి వైప్స్ తెచ్చుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. అవి పాన్లో వేయకూడదు. నీళ్లలో కరగవు, గొట్టం వంపు దగ్గర ఇరుక్కుని తర్వాత వచ్చేవాళ్లకి బాత్రూమే లేకుండా చేస్తాయి.

ఎక్కడ ఆగాలి

విజయవాడ వైపు నుంచి పదహారో నెంబరు హైవే మీద వచ్చేవాళ్లకి తాడేపల్లిగూడెం, తణుకు, రావులపాలెం సహజంగా ఆగే చోట్లు. ఇందులో రావులపాలెం వదలొద్దు. అక్కడ హైవే దిగి కొత్తపేట మీదుగా అమలాపురం దారి పట్టాక ఒకపక్క కాలువ, ఇంకోపక్క ఇళ్లు, కొబ్బరితోటలు. బండి ఆపడానికే సందుండదు, పిల్లాణ్ణి దింపడానికి అసలుండదు.

పెట్రోలు బంకు మంచి ఎంపిక. బాత్రూము, తాగునీరు, టైర్లకి గాలి ఉచితంగా ఇవ్వాలని ఆయిల్ కంపెనీల నిబంధనల్లోనే ఉంది. పెట్రోలు కొట్టించుకోవాల్సిన పని లేదు. తాళం వేసి ఉంటే "పాడైందండీ" అనే మాట వినిపిస్తుంది. తాళంచెవి సాధారణంగా ఆఫీసు గదిలో మేకుకి వేలాడుతుంటుంది. "బాబూ, పాపకి అర్జెంటు, తాళం ఇయ్యవా, కడిగి ఇచ్చేస్తాం" అని పాపని చూపించి అడగండి. పిల్లని చూశాక కాదనేవాళ్లు తక్కువ. హైవే మీద పెద్ద బంకులు ఊళ్లో చిన్న బంకుల కన్నా నయం, అక్కడ లారీవాళ్ల కోసం నీళ్లు పుష్కలంగా ఉంటాయి.

టిఫిను హోటల్లో అయితే మొదట బాత్రూము చూసొచ్చి తర్వాత ఆర్డరు చెప్పండి, తిన్నాక చూస్తే ఉపయోగం లేదు. బస్టాండ్లలో డబ్బులు తీసుకునే కాంప్లెక్సులు, జనం వాడుకలో ఏదైనా "సులభ్" అనేవి, పొద్దున్న ఎనిమిదింటి లోపు, మళ్లీ కడిగిన వెంటనే బాగుంటాయి. గేటు దగ్గరావిడని "అమ్మా, ఏది కడిగారు?" అని అడిగితే సరైన గది ఆవిడే చూపిస్తుంది. వరసలో మొదటి గది అందరూ వాడతారు కాబట్టి చివరి గదులు కాస్త మెరుగ్గా ఉండొచ్చు, కానీ చివర బల్బు ఉండదు. మీ ఫోన్లో టార్చి వేసి ముందు చూడండి. రైలు టికెట్ ఉంటే ప్లాట్‌ఫాం చివరి బాత్రూము కన్నా వెయిటింగ్ హాల్లోది మేలు. ఆసుపత్రి బాత్రూము ఆఖరి మార్గంగా పెట్టుకోండి, విరేచనాలతో వచ్చినవాళ్లు వాడేది అదే.

కాలాన్ని బట్టి కూడా మారుతుంది. ఏప్రిల్, మే నెలల్లో పనుల కోసం డెల్టా కాలువలు కట్టేస్తారు. చెరువుల్లో నిలవ పెట్టిన నీళ్లతోనే ఊళ్లు గడపాలి, అప్పుడు బాత్రూముల్లో కుళాయి తిప్పితే గాలి వచ్చే రోజులుంటాయి. ఆ రెండు నెలలు సీసాలు రెండు పెట్టుకోండి. వర్షాల్లో, గోదారికి వరద వచ్చే జులై నుంచి సెప్టెంబరు దాకా, ఇంకో రకం తిప్పలు. పల్లపు ఊళ్లలో భూమిలో నీళ్లు పైకొచ్చి సెప్టిక్ ట్యాంకు ఇంకదు. పాన్లో నీళ్లు ఎప్పటికన్నా ఎత్తుగా కనిపిస్తే ముందు అర మగ్గు పోసి చూడండి. కిందికి దిగకుండా అలాగే నిలబడిందా, పిల్లని కూర్చోబెట్టొద్దు, ఇంకోచోటు చూసుకోండి.

లోపలికెళ్లాక: పాన్ మీద

1. ముందు మీరు ఒక్కరే తల పెట్టి చూడండి. గడియ పనిచేస్తోందా, నీళ్లున్నాయా, నేల ఎంత జారుడుగా ఉంది. పిల్లని గుమ్మం బయటే, మీ చేతికందేలా నిలబెట్టండి.

2. మగ్గు నీళ్లు పాన్ మీదా, కాళ్లు పెట్టే చోటా పోయండి. ఆ నీళ్లు పోయే చప్పుడుకి పాన్ మూసుకుపోయిందో లేదో కూడా తెలుస్తుంది.

3. గడియ మీరే వేయండి. పిల్లల చేత వేయించొద్దు. తుప్పు పట్టిన గడియ లోపల్నుంచి ఇరుక్కుంటే నాలుగేళ్ల పాప తీయలేదు. కొన్ని చోట్ల బయట కూడా గడియ ఉంటుంది, ఎవరైనా ఖాళీ అనుకుని వేసేస్తారు. అందుకే ఇద్దరున్నప్పుడు ఒకరు బయట నిలబడడం మంచిది.

4. లాగు, డ్రాయరు పూర్తిగా తీసేసి మీ మెడలో వేసుకోండి. మోకాళ్ల దాకా దించితే తడుస్తాయి, కాళ్లు చాపనివ్వవు. గౌను వెనకభాగం పైకి మడిచి మెడ దగ్గర దోపండి.

5. మూడేళ్ల లోపు పిల్లలకి కాళ్లు పెట్టే గట్లు దూరం, అందవు. వీపు మీ కడుపుకి ఆన్చి, రెండు మోకాళ్ల కింద చేతులేసి ఎత్తి, పాన్ మీదికి పట్టుకోండి. మీ మోకాళ్లు కొంచెం వంచండి, నడుం వంచితే రెండు నిమిషాల్లో పట్టేస్తుంది. అంతకన్నా పెద్ద పిల్లలు పాన్ ఇరుకుగా ఉన్న చివర కాళ్లు పెట్టి కూర్చుంటారు. మీరు ఎదురుగా నిలబడి రెండు చేతులూ పట్టుకోండి, గోడనీ కుళాయినీ పట్టుకోనివ్వొద్దు.

6. మూడు నుంచి ఐదు నిమిషాలు. అంతకు మించి కూర్చోబెట్టినా లాభం లేదు, కాళ్లు తిమ్మిరెక్కుతాయి.

మీ ఫోను వెనక జేబులో ఉంటే ఇప్పుడే తీసి సంచిలో వేయండి. గొలుసుకి పిన్నీసు పెట్టారో లేదో, కాలిపట్టీ వదులుగా ఉందేమో చూసుకోండి. పాన్లో పడిన బంగారం గురించి గోదావరి జిల్లాల్లో ప్రతి వీధిలో ఒక కథ ఉంటుంది.

కమోడ్ అయితే

పెద్దల సీటులో చిన్నపిల్లలు కూరుకుపోతారు, ఆ భయంతోనే బిగబడతారు. ఒక చిట్కా: ట్యాంకు వైపు ముఖం పెట్టి, కాళ్లు రెండువైపులా వేసి, గుర్రం ఎక్కినట్టు కూర్చోబెట్టండి. తొడలు వెడల్పుగా ఆనుతాయి, పడిపోరు, చేతులు పట్టుకోవడానికి ట్యాంకు ఉంటుంది (ముందు దాన్ని తుడవండి). దీనికి లాగు మొత్తం విప్పాలి. మామూలుగా కూర్చోబెడితే మగపిల్లాణ్ణి కొంచెం ముందుకి వంగమనండి, లేదా వాడి చేతే కిందికి పట్టించండి. లేకపోతే ఎదురుగా ఉన్న మీ చీర తడుస్తుంది.

కమోడ్ అంచు మీద కాళ్లు పెట్టి గొంతుక్కూర్చోనివ్వకండి. జారితే దెబ్బ, అంతకన్నా ప్రమాదం పింగాణీ పగలడం. పగిలిన పింగాణీ కత్తిలా కోస్తుంది. సీటు మురికిగా ఉంటే పేపరు పరవండి, లేదా గాల్లో ఎత్తి పట్టుకోండి.

నిజం చెప్పాలంటే సీటు తగిలితే రోగాలొస్తాయన్న భయం మనకి అవసరానికి మించి ఉంది. ఆరోగ్యంగా ఉన్న తొడ చర్మం గుండా ఏదీ తేలిగ్గా లోపలికి పోదు. విరేచనాలు, టైఫాయిడ్, పచ్చకామెర్లలో ఒక రకం, నులిపురుగులు, ఇవన్నీ చేతి నుంచి నోటికెళ్తాయి. గడియ, కుళాయి, మగ్గు పిడి ముట్టుకున్న చేతితో జంతిక తినడమే అసలు దారి. సీటు తుడవడంలో పెట్టే శ్రద్ధ చేతులు కడగడంలో పెడితే చాలు.

మాల్స్‌లో కమోడ్ దానంతటదే ఫ్లష్ అయ్యే రకం ఉంటుంది. పిల్లలు కొంచెం కదిలితే చాలు, కింద హోరుమంటుంది, ఇక ఆ పిల్ల ఏడాది వరకు మాల్ బాత్రూముకి రానంటుంది. గోడ మీద ఎర్రగా మెరిసే కన్ను ఉంటుంది, పని అయ్యేదాకా మీ అరచేతితో గానీ కాగితంతో గానీ దాన్ని మూసి ఉంచండి. చేతులారబెట్టే మిషను చప్పుడుకీ భయపడతారు, తువ్వాలు వాడేయండి.

కడగడం

ఎండాకాలం మధ్యాహ్నం మేడ మీద నల్ల ట్యాంకులో నీళ్లు కాగి ఉంటాయి. మొదటి మగ్గు నేరుగా పిల్లల మీద పోయకండి, ముందు మీ మణికట్టు మీద పోసుకుని చూడండి. గొట్టంలో నిలిచిన వేడినీళ్లు పోయేదాకా కుళాయి అరనిమిషం వదిలేయండి. జెట్ స్ప్రే ఉంటే ఒకసారి పాన్లోకి కొట్టి ధార ఎంత గట్టిగా ఉందో తెలుసుకోండి. పెద్దలకే చురుక్కుమనే ధార పిల్లల మెత్తని చర్మానికి నొప్పి.

పాపకి ఎప్పుడూ ముందు నుంచి వెనక్కే కడగాలి, తుడవాలి. వెనక నుంచి ముందుకి తెస్తే మలంలోని క్రిములు మూత్రనాళంలోకి చేరి ఇన్‌ఫెక్షన్ వస్తుంది. ఆడపిల్లల్లో ఆ నాళం పొట్టిది, త్వరగా పాకుతుంది. కడిగాక నూలుగుడ్డతో అద్దండి. తడిమీద డ్రాయరు వేస్తే మన ఉక్కకి గంటలో ఒరుసుకుంటుంది.

తర్వాత చేతులు: మీవీ, పిల్లలవీ. సబ్బు రాసి, వేళ్ల సందులు, గోళ్లు, బొటనవేలు, ఇరవై సెకన్లు. శానిటైజర్ ఉంది కదా అని ఊరుకోకండి, మురికి చేతి మీద అది సరిగ్గా పనిచేయదు, నులిపురుగుల గుడ్లని అసలేమీ చేయదు. అంతర్వేది, ఓడలరేవు వంటి సముద్రం దగ్గరి ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటే సబ్బు బిళ్లకి నురగ రాదు. అక్కడ లిక్విడ్ సబ్బు నయం, ఆఖరి కడుగు మీ సీసా నీళ్లతో. కుళాయి కట్టేసేటప్పుడు మోచేత్తోనో గుడ్డముక్కతోనో కట్టండి, కడిగిన చేతితో మళ్లీ దాన్నే పట్టుకుంటే పడ్డ శ్రమంతా పోయినట్టే.

నాన్న, కూతురు, అమ్మ, కొడుకు

అమ్మతో మగపిల్లాడు ఆరేడేళ్ల దాకా ఆడవాళ్ల వైపు వెళ్తే ఎవరూ ఏమీ అనరు. నాన్నతో పాప వెళ్లాల్సి వస్తేనే చిక్కు. మొదట దివ్యాంగుల బాత్రూము ఎక్కడుందో అడగండి, దానికి విడిగా తలుపు ఉంటుంది, లోపల చోటు ఎక్కువ, పట్టుకోవడానికి కడ్డీ ఉంటుంది. అవసరమైన వాళ్లు వస్తే వెంటనే ఖాళీ చేయాలి. అది లేకపోతే ఆడవాళ్ల వైపు ఉండే ఆయమ్మని "అక్కా, పాపని తీసుకెళ్తాను, లోపల ఎవరన్నా ఉన్నారేమో చూడవా" అని అడగొచ్చు. అదీ కుదరకపోతే పాపని ఎత్తుకుని, ముఖం భుజం మీద పెట్టించి, మగవాళ్లు నిలబడే వరస దాటి నేరుగా గదిలోకి వెళ్లిపోవడమే. పాపని ఒక్కత్తినీ ఆడవాళ్ల వైపు పంపి బయట నిలబడడం ఐదేళ్ల లోపు వద్దు. పెద్ద పిల్లలు ఒంటరిగా వెళ్లినప్పుడు తలుపు దగ్గరే నిలబడి మాట్లాడుతూ ఉండండి, "అంకులు తీసుకెళ్తాడు" అన్నవాళ్లకి ఎవరికీ అప్పగించొద్దు.

చిన్న మగపిల్లలకి గోడకున్న యూరినల్ అందదు. ఎత్తి పట్టుకుంటే చిమ్మి మీ మీదే పడుతుంది. గదిలోకే తీసుకెళ్లండి.

రైల్లో, పడవలో

రైలు బాత్రూము అది బయల్దేరిన స్టేషన్లో శుభ్రంగా ఉంటుంది. కాకినాడలో మొదలయ్యే బండి అయితే ఎక్కిన గంటలోపే ఒకసారి తీసుకెళ్లండి. స్టేషన్ దాటేటప్పుడు పట్టాలు మారి బోగీ కుదుపుతుంది, ఆ ఐదు నిమిషాలు ఆగి లోపలికెళ్లండి. ఒక చేయి కడ్డీకి, ఒక చేయి పిల్లకి. ఇప్పుడున్నవి బయో టాయిలెట్లు, కింద ట్యాంకులో బ్యాక్టీరియా మలాన్ని కరిగిస్తుంది. డైపరు, సీసా, ప్లాస్టిక్ పడేస్తే మూసుకుపోతుంది, ఆ బోగీలో మిగతావాళ్ల ప్రయాణమంతా నరకం. ఇంకో మాట: విజయవాడ వైపు నుంచి వస్తుంటే కొవ్వూరు దాటే ముందే పని ముగించండి. రాజమండ్రి వంతెన మీద బిళ్లలు వేయాల్సిన టైములో బాత్రూములో ఉంటే ఆ పిల్లలు మిమ్మల్ని క్షమించరు.

పంటు, పాపికొండల లాంచీ రెండింటికీ ఒకటే మాట, ఎక్కేముందే. లాంచీలో బాత్రూము ఉన్నా ఇరుకు, ఊగుతుంది, వరస ఉంటుంది.

గుళ్లు, తీర్థాలు

చెప్పుల స్టాండులో చెప్పులిచ్చాక పిల్లాడు ఒంటేలంటే, ఒట్టికాళ్లతో బాత్రూముకి పోవాల్సిందే. అందుకే వరస: బాత్రూము, కాళ్లు కడగడం, చెప్పులు, క్యూ. వాడపల్లిలో శనివారాలు, అంతర్వేది కల్యాణానికి, కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లేవాళ్లు ఈ వరస తప్పనివ్వకండి. క్యూలో ఇనుపకడ్డీల మధ్య ఇరుక్కున్నాక వెనక్కి రావడం గంటపని. ఇద్దరు పెద్దలుంటే ఒకరు క్యూలో ఉండి, ఇంకొకరు పిల్లలతో బయట తిరగడం మేలు. సంచిలో రబ్బరు చెప్పులు పెట్టమన్నది ఇందుకే.

తీర్థాల్లో పెట్టే తాత్కాలిక బాత్రూముల్లో డ్రమ్ములో నీళ్లుంటాయి, వందమంది చేయి పెట్టిన మగ్గు తేలుతుంటుంది. ఆ నీళ్లు పాన్లో పోయడానికి సరే, పిల్లల్ని కడగడానికి మీ సీసానే. 2027 గోదావరి పుష్కరాలకి పసిపిల్లలతో వచ్చే ఆలోచన ఉంటే పన్నెండు రోజుల్లో మొదటిరోజు, ఆదివారాలు వదిలేసి, జనం తక్కువుండే చిన్న రేవు చూసుకోండి. స్నానం పుణ్యం ఏ రేవులోనైనా ఒకటే, బాత్రూము ముందు వరస మాత్రం ఒకటి కాదు.

ఏదీ దొరక్కపోతే

ఇక్కడే ఆ డైపర్ పనికొస్తుంది. కారు వెనక సీటు ముందు, కాళ్లు పెట్టే చోట పేపరు పరిచి, దాని మీద డైపరు విప్పి పెట్టి, పిల్లని దాని మీద గొంతుక్కూర్చోబెట్టండి. ఒంటేలైతే పీల్చుకుంటుంది, రెండేలైతే అందులోనే ఉండిపోతుంది. మడిచి కవర్లో వేసి ముడి వేసి, చెత్తబుట్ట కనిపించేదాకా మీతోనే ఉంచుకోండి. మగపిల్లాడికి వెడల్పు మూతి సీసా చాలు, దాని మీద గుర్తుగా దారం కట్టండి, లేకపోతే ఎవరో తాగబోతారు.

రోడ్డు పక్కన తప్పదనుకుంటే కాలువగట్టు మీద మాత్రం వద్దు. డెల్టాలో ఆ నీళ్లే చెరువుల్లోకి పోయి కుళాయిల్లో వస్తాయి. గట్టుకి దూరంగా, ముప్పై అడుగులు లోపలికి, మట్టి ఉన్నచోట. రెండేలైతే పేపరు మీద చేయించి చుట్టి తెచ్చేయండి. తోటలో మనిషి కనిపిస్తే అడిగి వెళ్లండి, బహుశా ఇంట్లో బాత్రూముకే రమ్మంటారు. చీకటిపడ్డాక గడ్డిలోకి, కొబ్బరి మట్టల గుట్టల దగ్గరికి దింపొద్దు, పాములుండే చోట్లు అవే. టార్చి వేసి, కాలితో నేల దబదబ కొట్టి, చదునుగా కనిపించే చోటే కూర్చోబెట్టండి.

తడిసిపోతే, బిగబట్టుకుంటే

తడుపుకుంటే తిట్టొద్దు, జనం ముందు అసలొద్దు. తువ్వాలు చుట్టి, పక్కకి తీసుకెళ్లి, కడిగి, మార్చేయండి. తడిబట్టలు పేపర్లో చుట్టి కవర్లో వేస్తే వాసన రాదు. తిట్టు తిన్న పిల్ల మరుసటిసారి చెప్పడం మానేసి బిగబడుతుంది.

బయటి బాత్రూము నచ్చక రెండేలు రెండురోజులు ఆపుకునే పిల్లలున్నారు. ఆపేకొద్దీ పేగు దానిలోంచి నీళ్లు లాగేసి గట్టిపడుతుంది, తర్వాత వెళ్లేటప్పుడు నొప్పి, ఆ నొప్పికి భయపడి మళ్లీ ఆపుకోవడం. ఊరెళ్లిన రోజుల్లో అరటిపండు కన్నా బొప్పాయి, జామ, నీళ్లు ఎక్కువ పెట్టండి. రోజూ పొద్దున్న టిఫిను తర్వాత బస చేసిన ఇంట్లోనే తీరిగ్గా కూర్చోబెట్టండి.

విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్టు సరిగ్గా లీటరు నీళ్లలో కలపండి. ప్యాకెట్టు మీద రాసిన కొలతే పాటించాలి. తక్కువ నీళ్లలో చిక్కగా కలిపితే మేలు బదులు కీడు. ప్రతి విరేచనానికీ రెండేళ్ల లోపు పిల్లలకి వంద మిల్లీలీటర్ల దాకా, పెద్దపిల్లలకి రెండొందల దాకా చెంచాతో పట్టించండి. మూత్రం పోసేటప్పుడు మంటని ఏడ్చినా, జ్వరంతో మాటిమాటికీ వెళ్లినా, మలంలో రక్తం కనిపించినా, ఆరు గంటలు దాటినా ఒంటేలుకే వెళ్లకపోయినా ఊరెళ్లాక చూద్దామనుకోవద్దు, ఉన్న ఊళ్లోనే డాక్టరుకి చూపించండి. నీరసంగా పడిపోతుంటే 108కి ఫోను చేయండి.